సూర్యుణ్ణి ఆపిన అరమాత్ర

ఆదోనిలో ఆ డాక్టరుగారి ఆస్పత్రికి బోర్డు లేదు, అక్కర కూడా లేదు. సాయంత్రం పూట కాంపౌండరు వరండాలో నిలబడి ఒక్క కేక పెడితే చాలు, బజారు రెండు కొసలకూ తెలిసిపోతుంది అక్కడ ఆస్పత్రి ఉందని. ఊళ్ళో మల్లమ్మలు ఎక్కువ, ఎల్లప్పలు ఇంకా ఎక్కువ. ఉత్త పేరు పెట్టి పిలిస్తే నలుగురు లేచి కొట్టుకుంటున్నారని, కాంపౌండరు ప్రతి పేరుకూ ముందు రోగం తగిలించి పిలవడం మొదలుపెట్టినాడు. "మోకాళ్ళ మల్లమ్మా!" అంటే ఒక్క మల్లమ్మే లేస్తుంది. "గజ్జి ఎల్లప్పా!" అంటే ఒక్క ఎల్లప్పే లేస్తాడు, పక్కనున్నవాళ్ళు జరిగి దారి కూడా ఇస్తారు. ఆ వీధిలో దాగిన రోగమంటూ లేదు. చెప్పుకోలేని జబ్బులున్న ఆదోనివాళ్ళు ఎమ్మిగనూరుకు పోయి చూపించుకుంటారు. ఎమ్మిగనూరులో చెప్పుకోలేనివాళ్ళు తెలియక ఇక్కడికొచ్చి ఇరుక్కుంటారు.

గౌరి తమ్ముణ్ణి ఆటోలో కూర్చోబెట్టుకుని పెద్దకడుబూరు నుంచి వచ్చి పేరు రాయించబోతే కాంపౌండరు ముక్కు మీది కళ్ళద్దాల పైనుంచి చూసినాడు.

"ఏం రోగమమ్మా?"

"జ్వరం."

"ఉత్త జ్వరానికి మొగం ఇట్ల పీక్కుపోదు. ఇంకేమి?"

తమ్ముడు మారుతి నేల మీద ఏదో వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాడు. గౌరికి నసుగుడు చేతకాదు. "కడుపు తెగిపోయింది. తాగిన నీళ్ళు తాగినట్టే పోతాండాయి. పొద్దున నెత్తురు గూడా పడింది," అని చెప్పేసింది. మారుతికి ఆ వరండా రెండుగా చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. అంటే, ఇప్పుడు ఈ మనిషి పది మందిలో నిలబడి తన పేరుకు ముందు దాన్ని తగిలిస్తాడు.

వాడికి ఆ భయం ఒకటి, పరీక్ష భయం ఒకటి. యూనివర్సిటీలో పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పోయినసారి తప్పిన పేపరు రేపు పొద్దున మళ్ళీ ఉంది. చీకటి పడేలోపల కర్నూలు బస్సెక్కకపోతే ఆ పేపరు మళ్ళీ పోయినట్టే. "డాక్టరు పండుకోబెట్టి సూదులు గుచ్చితే నా పరీక్ష గతేమి?" అని ఆటోలో దారి పొడవునా ఒకటే గొణుగుడు. "నువ్వు బతికుంటేనే గదరా పరీక్ష రాసేది? చచ్చినోనికి హాల్ టికెట్ ఇయ్యరు," అని గౌరి ఒక్కమాటతో మూసేసింది. పెద్దకడుబూరులో ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి చెబుతుంది ఆమె. అరవై మంది పిల్లల గోలను కంటిచూపుతో అణిచే మనిషి. నోటిదాకా రావాల్సిన పనే తక్కువ. వచ్చిందంటే మాత్రం ఎదుటివాడికి మిగిలేది ఏమీ ఉండదు.

డాక్టరు ఇంకా రాలేదు. ఎదురుగా ఎల్లప్ప టీ కొట్టు. బెంచీ మీద మల్లికార్జునయ్య కూర్చుని ఉన్నాడు. పత్తి మార్కెట్లో జీవితమంతా తూకాలు చూసి రిటైరైన పెద్దమనిషి, మద్దికెర బస్సు కోసం కాచుకుని ఉన్నాడు. బాండిట్లో మిరపకాయ బజ్జీలు వేగుతున్నాయి. పక్కన తట్టలో బొరుగుల ఉగ్గాని ఆవిర్లు కక్కుతోంది. గౌరి తమ్ముణ్ణి పెద్దాయన పక్కన కూలేసి, "అన్నా, ఈనికి ఒక అరటిపండియ్యి," అంది.

"ల్యావమ్మా," అన్నాడు ఎల్లప్ప, పైన వేలాడుతున్న బోడి గెలను చూపించి. "మద్యాన్నం ఒకాయన వచ్చి గెలంతా మేసి పోయినాడు. బేరం బాగుందని సంతోషపడల్నో, మనిషిని సూసి జడుసుకోవాల్నో తెలీక నిలబడిపోయినా."

అప్పుడే స్తంభానికి ఆనుకుని నిలబడిన మనిషి గట్టిగా దగ్గి, "ఏమక్కా, మారుతిని ఈడికి తోడుకొచ్చినావు? నేను ల్యానా?" అన్నాడు.

వాడు వెంకటసాయి. ఆదోనిలో పత్తి కమీషన్ మండీ వాళ్ళ కొడుకు, యూనివర్సిటీలో మారుతికి ఒక ఏడాది సీనియరు, ఉండేది ఒకటే హాస్టలు. చదివేది అర్థశాస్త్రం, హాస్టల్లో పిలిచేది మాత్రం డాక్టర్ సాయి అని. మారుతి ముఖం అంత జ్వరంలోనూ వెలిగింది.

"కూర్చో అన్నా," అని జరిగినాడు.

"నేను కూర్చోను తమ్ముడూ. డాక్టరనేవోడు నిలబడే సూడాల."

"ఉగ్గాని తింటావా సాయీ?" అన్నాడు ఎల్లప్ప.

"వద్దన్నా. కేసు మధ్యలో తినేది నాకు అలవాటు ల్యా. ఉడుకునీళ్ళుంటే ఒక గ్లాసు పొయ్యి."

గౌరి కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. ఆదోనిలో పుట్టినవాడు ఉడుకుడుకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ముందర నిలబడి వద్దనడం ఆమె పుట్టి బుద్ధెరిగి వినలేదు. పెండ్లిలో అలిగిన వియ్యంకుడు కూడా ముందు బజ్జీ తిని ఆ తర్వాత అలుగుతాడు ఇక్కడ.

వెంకటసాయి జేబులోంచి జామెట్రీ బాక్సు తీసినాడు. మూత తెరిస్తే లోపల కోణమానిని లేదు, వృత్తలేఖిని లేదు. కత్తిరించిన మాత్రల ముక్కలు రంగురంగులుగా పడి ఉన్నాయి, తిరునాళ్ళలో అమ్మే పిప్పరమెంట్ల మాదిరి.

"సూడు తాతా," అన్నాడు మల్లికార్జునయ్యతో, మారుతి వినాలని. "ఇది హాస్టల్ ఆస్తి. మెడికల్ షాపోడు కత్తెరతో కత్తిరించి ఇస్తాడు గదా, పేరున్న ముక్క వానికాడ్నే ఉంటాది, మాత్రున్న ముక్క మనకొస్తాది. అందుకని పేర్లు మేమే పెట్టుకున్యాము. ఎవని రోగానికి తెచ్చింటే వాని పేరు. ఈ పసుపుది సుంకప్ప జ్వరం. ఈ గులాబీది మహేంద్ర దగ్గు. ఇదో, ఈ తెల్లది యేసురత్నం మోషను."

మల్లికార్జునయ్య తాగుతున్న టీ గ్లాసును ఇంకొంచెం దూరం జరుపుకున్నాడు.

"వాళ్ళ కోసం తెచ్చినవి ఈడెందుకుండాయి? వాళ్ళు మింగల్యా?" అంది గౌరి.

"సగం మింగినారు. జ్వరం తగ్గినాక మిగతావి మింగేది దండగ గదక్కా? అయిదు దినాలకు రాసిస్తే రెండో దినానికే లేచి కబడ్డీ ఆడతాం మేము. మిగిలినేవి బాక్సులో ఏస్తాం. హుండీ లెక్క. ఎవనికి పడిశం పడితే వాడొచ్చి తీసుకుంటాడు."

"ఏది ఎవనిదో ఎట్ల తెలుస్తాది?"

"రంగు సూసి."

"చిన్నపిల్లోండ్లు నయం," అంది గౌరి. "నా క్లాసులో రంగుల పెన్సిళ్ళు గూడా వాసన సూసి నోట్లో పెట్టుకుంటారు."

వెంకటసాయి ఆ మాటను ఈగను తోలినట్టు తోలేసి, స్తంభానికి వీపు సర్దుకుని, ఎడమచేయి కడుపు మీద పెట్టుకుని, కుడిచేయి గాలిలోకి లేపి మొదలుపెట్టినాడు.

"పోయిన సంవత్సరం పరీక్షలప్పుడు తాతా, మా యేసురత్నానికి కడుపు పట్టుకున్యాది. తెల్లారి ఎప్పుడు పోయినాడో బాత్రూముకు, ఇంగ రాడే! హాల్ టికెట్ తలుపు సందులోనుంచి లోపలికి తోసినాము, పెన్ను తోసినాము, 'క్వశ్చన్ పేపరు గూడా ఈడికే తెప్పించండ్రా' అని లోపల్నుంచి ఏడుస్తాడు వాడు. నేనేం సేసినా? ఒకటే మాత్ర. సందులోనుంచి తోసినా. వాడు మింగినాడు. అంతే, ఒక నిట్టూర్పు ఇనబడింది, తలుపు తీసుకుని పెండ్లికొడుకు లెక్క బయటికొచ్చినాడు, పొయ్యి మూడు గంటలు కుర్చీలోంచి కదలకుండా రాసినాడు. ఫస్ట్ క్లాసు!"

"అక్కా, అది నిజమే," అన్నాడు మారుతి. "యేసురత్నం అన్నకు ఫస్ట్ క్లాసొచ్చింది."

"చదివింటే వచ్చింటాది," అంది గౌరి.

"ఆ తర్వాత ఏమైందో తెల్సా? అది సెప్పనీయక్కా!" అన్నాడు వెంకటసాయి. "మెస్సు సాంబారు తిని హాస్టలంతా పడకేసింది. నాలుగంతస్తులు! బక్కెట్లు పట్టుకుని మెట్ల మీద బారు. పైనోడు కిందికి, కిందోడు పైకి. నాకాడ చూస్తే మాత్ర ఒకటే ఉంది. ఇంకొకడైతే ఏడ్సి కూర్చుంటాడు. నేనా? ఆ మాత్రను విరిచినా, సగం జేబులో పెట్టుకున్యా, సగం సాంబారు గుండిగలో ఏసి తెడ్డుతో ఒక తిప్పు తిప్పినా. గరిటెడు గరిటెడు పోసినాము. టక్కున ఆగిపోయింది తాతా, నాలుగంతస్తులూ! ఎంత పవరంటే, కట్టినప్పట్నుంచి కారుతాండే ఓవర్‌హెడ్ ట్యాంకు గూడా ఆగిపోయింది."

"ట్యాంకు సాంబారు తాగిందా?" అన్నాడు మల్లికార్జునయ్య.

"ఆవిరి తగిలింది తాతా. ఆవిరికే! మా వార్డెను రుచి సూసిపోదామని వచ్చినాడు, ఒక గుక్క తాగి, మమ్మల్ని 'ఒరేయ్ దొంగ నా...' అని తిట్టబోయినాడు. 'నా' కాడ ఆగిపోయినాడు! వారం దినాలు ఆ 'నా' కాడ్నే ఉన్యాడు. ఆయన భార్య వచ్చి కాళ్ళు పట్టుకున్యాది, 'తిట్టు పూర్తి సేయించు నాయనా, ఇంట్లో సూడలేకుండాము' అని."

ఎల్లప్ప బజ్జీల జల్లెడ బాండిట్లోనే మరిచి నవ్వినాడు. మారుతి కూడా నవ్వబోయి, కడుపు పట్టుకుని, పెదవి కొరుక్కుని ఆగినాడు. గౌరి అది చూసింది. తమ్ముడి నుదుటి మీద చేయి వేస్తే పెనం మీద వేసినట్టుంది. వీధి కొసన డాక్టరు స్కూటరు ఎప్పుడు మళ్ళుతుందా అని ఆమె చూపు అటే ఉంది.

"ఇంతకీ నువ్వీడేం సేస్తాండావు సాయీ? ఆస్పత్రి ముందర?" అంది.

"నేనా? డాక్టరు పిలిపించినాడక్కా. ఏదో గట్టి కేసుందంట, సలహా కావాలంట. పెద్దోళ్ళు అడిగితే కాదనలేం గదా." అంటూ ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు. ఉడుకునీళ్ళు ఒక గుక్క తాగి ఆకాశం వైపు చూసినాడు, పైనుంచి ఏదో కబురు రావాలన్నట్టు. కబురు రాలేదు.

"బజ్జీ అన్నా తిను సాయీ, దించినేది దించినట్టుండాయి," అన్నాడు ఎల్లప్ప.

"శనివారం తిననన్నా."

"ఇయ్యాల బేస్తవారం గదప్పా!"

"బేస్తవారం నుంచే మొదలుపెడతాను నేను. ఇను తాతా! ఎమ్మిగనూరు జాతర కత సెప్పల్యా గదా నీకు? తేరు లాగే దినం. మా మేనమామ మజ్జిగ పందిరి పెట్టినాడు. జనం ఇసకేస్తే రాలరు. పోయినేడు జాతరలో అందరికీ కడుపులు సెడినాయని నేను ముందుజాగ్రత్తగా జేబులో ఉన్నే అరమాత్రలో ఒక గోటి ముక్క గిల్లి మజ్జిగ కాగులో ఏసినా. మోకు లాగేటోళ్ళు తాగినారు. తాగి, మూతి తుడుసుకుని, ఆ చేత్తోనే మోకు పట్టుకున్యారు. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"తేరు ఆగిపోయింది," అన్నాడు మల్లికార్జునయ్య, ఉత్తరం చదివినంత నింపాదిగా.

"నీకెట్ల తెల్సు తాతా!"

"మద్దికెర బస్సు రాల్యా గదా ఇంకా. నువ్వు ఆపలేనిదేముండాది?"

"బజారు మధ్యలో నిలబడిపోయింది! వెయ్యి మంది లాగినారు. ఎద్దుల్ని కట్టినారు. క్రేను తెచ్చినారు, క్రేనే పైకి లేసింది గానీ తేరు కదల్యా. పూజారులొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్యారు. నేనన్యా, కంగారు పడొద్దండి స్వామీ, దీనికి ఇరుగుడు నాకు తెల్సు. అరటిపండ్లు తెప్పించినా. బాగా మాగినేవి, రెండు గెలలు. ఒలిసి ఒలిసి చక్రాలకు తినిపించినా తాతా! ముందర గడగడమని ఒక సప్పుడొచ్చింది లోపల్నుంచి. అందర్నీ పక్కకు జరగండన్యా. అంతే! సల్లగా, మెత్తగా, జర్రుమని..."

అక్కడ వెంకటసాయి గొంతు ఎందుకో తడబడింది. జరిగినదాన్ని చెబుతున్నవాడిలా కాక, జరగనిదాన్ని తలుచుకుంటున్నవాడిలా కళ్ళు అరమూతలు పడినాయి. గౌరి చూపు ఆస్పత్రి వైపు నుంచి మళ్ళి, మొదటిసారి వాడి మీద సరిగ్గా నిలిచింది.

డాక్టరు స్కూటరు వచ్చింది. కాంపౌండరు వరండా ఎక్కి గొంతు సవరించుకున్నాడు. "మోకాళ్ళ మల్లమ్మా! రావాల!"

ఆ కేకకు మారుతి అదిరిపడినాడు. అంతకంటే ఎక్కువ వెంకటసాయి అదిరిపడినాడు. స్తంభం చాటుకు అర అడుగు జరిగి, గొంతు ఇంకా పెంచినాడు.

"కాలువ సంగతి సెప్తా! మీ పెద్దకడుబూరు పక్కనే అక్కా. కాలువకు గండి! ఇసుక మూటలేసినారు, కొట్టుకోనిపోయినాయి. లారీని అడ్డం పెట్టినారు, లారీ కొట్టుకోనిపోయింది. పత్తిచేలు, వేరుశెనగ చేలు అన్నీ మునిగేట్లుండాయి, ఆడోళ్ళు గుండెలు బాదుకుంటాండారు..."

"ఆగప్పా," అంది గౌరి. "మా ఊరి పక్కన గండి పడితే మాకు తెలీదా?"

"నేను పడకముందే ఆపేసినా గదక్కా! మీకెట్ల తెలుస్తాది?"

మల్లికార్జునయ్య భుజం మీది తువ్వాలు తీసి, మడత విప్పి, మళ్ళీ మడత పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళ పత్తి బేరాల్లో బోరాలు తడిపి, రాళ్ళు కలిపి తూచిన వాళ్ళను చూసినాడు గానీ, ఇంత నిబ్బరంగా తూచినవాణ్ణి చూడలేదు.

"ఒక గోటి ముక్క విసిరినా. ఆగిపోయింది. ఉత్త గండి గాదు, కాలువే ఆగిపోయింది! నీళ్ళు గోడ లెక్క నిలబడినాయి. లోపల చేపలు గాజు పెట్టెలో పెట్టినట్టు, ఒకటి ఆవలిస్తా ఆగిపోయింది, ఒకటి తోక తిప్పుతా ఆగిపోయింది. పిల్లోళ్ళు పొయ్యి చేత్తో కోసుకోనొచ్చినారు."

"పులుసు బాగుండిందా?" అన్నాడు ఎల్లప్ప.

"తిన్నోళ్ళకు గదా తెలిసేది. నేను ఆ దినం తినల్యా."

"ఈ మధ్య నువ్వు ఏ దినమూ తిన్నట్టు ల్యా," అంది గౌరి.

వెంకటసాయి వినిపించుకోలేదు. వాడి చూపు మారుతి మీద ఉంది, మారుతి చూపు జామెట్రీ బాక్సు మీద ఉంది. వరండాలో కాంపౌండరు ఇంకో ఇద్దర్ని పిలిచినాడు. తన వంతు దగ్గర పడుతోంది. బస్సు వేళా దగ్గర పడుతోంది. మారుతి ముందుకు వంగినాడు.

"అన్నా, అది వేసుకుంటే రేప్పొద్దుటి దాకా ఆగుతాదా? పరీక్ష అయ్యేదాకా?"

"రేప్పొద్దుటిదాకానా!" వెంకటసాయి నవ్వినాడు. "రేయ్, నా చివరి పేపరు సంగతి ఇను. మద్యాన్నం పరీక్ష. నాలుగు ప్రశ్నలు రాసినా, అయిదోది మిగిలింది. పెద్ద ప్రశ్న. సూస్తే కిటికీలో సూర్యుడు దిగిపోతాండాడు. ఇన్విజిలేటరు పేపర్లు గుంజుకుంటాండాడు. నాకాడ అరమాత్ర ఉంది. కిటికీలోనుంచి గురి సూసి, పడమటి దిక్కుకు ఒక్క ఇసురు ఇసిరినా తాతా! సూర్యుడు నోరు తెరిసుకున్యాడు, మింగినాడు. ఆ తర్వాత ఏమైందో తెల్సా? మీరంతా సూసే ఉంటారు. మన రణమండల కొండ మీద జొన్నరొట్టె లెక్క అతుక్కోని నిలబడిపోల్యా? నేను అయిదో ప్రశ్న రాసి, అడిషనల్ షీట్లు కట్టి, తల దువ్వుకోని బయటికొచ్చినాక గానీ పొద్దు కుంకల్యా!"

"ఏ నెలలోనప్పా అది?" అన్నాడు మల్లికార్జునయ్య.

"మే నెలలో తాతా."

"అట్లనా."

"మరి! ఈసారి మే ఎండలు ఎందుకు అంత కాసినాయనుకున్యావు?"

ఈ జవాబుకు ఎల్లప్ప ఓడిపోయి రెండు చేతులూ జోడించినాడు. మల్లికార్జునయ్య కూడా తల ఊపినాడు, అబద్ధానికి కాదు, పనితనానికి. ఆ నవ్వుల మధ్యలో వెంకటసాయి తెల్ల మాత్ర ఒకటి తీసి మారుతి అరచేతిలో పెట్టినాడు. "యేసురత్నం మోషను. మింగు, బస్సెక్కు, రాయి. ఆస్పత్రి లేదు, సూది లేదు, బజార్లో నీ పేరుకు ముందు ఆ కేకా లేదు."

ఆ చివరి మాటకు మారుతి పడిపోయినాడు. ఎల్లప్ప ముందరి నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

గౌరి చేయి పట్టుకుని లాగొచ్చు. అరవొచ్చు. కానీ ఆమెకు తమ్ముడి సంగతి తెలుసు. ఇప్పుడు గ్లాసు లాక్కుంటే, బస్సెక్కినాక ఎవరూ చూడకుండా మింగుతాడు. మాత్ర చేతిలోంచి కాదు, మనసులోంచి దిగాలి. ఆమె లేచి, తట్టలోంచి తనే ఉగ్గాని పెట్టుకుని, పైన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టుకుని, ప్లేటు తెచ్చి వెంకటసాయి ముందర పట్టింది.

"నా తమ్మునికి మందిచ్చినావు గదా డాక్టరూ. ఫీజు తీసుకో. ఈ బెంచీ మీద కూర్చోని, ఈ ప్లేటు ఖాళీ సెయ్యి. నువ్వు తినంగానే వాడు మాత్ర మింగుతాడు. నేనే బస్సెక్కించి పంపిస్తా."

"నాకొద్దక్కా."

"ఎందుకొద్దు?"

"చెప్పినా గదా, బేస్తవారం..."

"పోనీ, తినకు. కూర్చో."

వెంకటసాయి బెంచీని చూసినాడు. బెంచీ వాణ్ణి చూసింది. సగం వంగి, ముఖం చిట్లించి, మళ్ళీ నిటారుగా లేచి స్తంభాన్ని పట్టుకున్నాడు. చల్లగాలి వీస్తున్నా ముక్కు మీద చెమట పోసింది.

మారుతి గ్లాసు నోటిదాకా తీసుకుపోయినవాడు అక్కడే ఆగినాడు.

"ఈ మొగం నాకు బాగా తెల్సప్పా," అంది గౌరి, మెల్లగా, క్లాసులో పాఠం చెప్పినట్టు. "నా ఒకటో తరగతిలో దినానికొకడు ఈ మొగమేసుకోని నిలబడతాడు. కూర్చోరా అంటే కూర్చోడు, తినరా అంటే తినడు, ఏమిరా అంటే ఏం ల్యా టీచర్ అంటాడు. వాళ్ళు పాపం రానీకుండా పట్టుకోని నిలబడతారు. నువ్వు రాక నిలబడినావు. సెప్పు సాయీ. హాస్టలు ఆపినావు, ట్యాంకు ఆపినావు, తేరు, కాలువ, సూర్యుడు, అన్నీ ఆపినావు. నీది ఆగి ఎన్ని దినాలయింది?"

"ఏ... ఏమిదక్కా, ఆడోళ్ళు అడిగే మాటేనా ఇది?"

"ఎల్లప్పన్నా," అంది గౌరి తల తిప్పకుండా. "మద్యాన్నం అరటిగెల మేసినాయన యాడ?"

ఎల్లప్ప గిరాకీ మర్యాద తెలిసినవాడు. గ్లాసు తుడుచుకుంటూ, ఎవరి వంకా చూడకుండా అన్నాడు: "ఆడనే నిలబడుండాడమ్మా. స్తంభం పట్టుకోని."

"తేరు కదిలింది గానీ మనిషి కదల్యా," అన్నాడు మల్లికార్జునయ్య.

"తాతా, అది... నేను కావాలనే ఆపి పెట్టినా! ప్రయోగం! పరీక్షల్లో మాటిమాటికి లేసేది టైం దండగ గదా, అందుకని ముందుగానే యేసురత్నంవి ఒక నాలుగు, పైన సుంకప్పవి రెండు..."

వాడి మాట పూర్తి కాలేదు. వరండాలోంచి కాంపౌండరు గొంతు, పత్తి మార్కెట్ వేలంపాట గొంతు, బజారు రెండు కొసలకూ పాకింది.

"మోషన్ రాని వెంకటసాయీ! లోపలికి! ఆ తర్వాత మోషన్ ఆగని మారుతీ! రెడీగా ఉండాల!"

సైకిలు మీద పోతున్నవాడు సైకిలు దిగి మరీ నవ్వినాడు. ఎల్లప్ప కొట్టు రేకులు అదిరినాయి. వెంకటసాయి స్తంభాన్ని వదిలి, ఎవరో తన జేబులో గుడ్లు పెట్టినట్టు జాగ్రత్తగా అడుగులో అడుగు వేసుకుంటూ రోడ్డు దాటినాడు. వెనకనుంచి మల్లికార్జునయ్య కేకేసినాడు: "సాయప్పా, పోతా పోతా ఆ మద్దికెర బస్సును వదిలిపెట్టి పో!"

మారుతి అరచేతిలోని తెల్ల మాత్రను చూసుకున్నాడు. చెమటకు అంచులు కరిగి అంటుకుంది. వెంకటసాయి బెంచీ మీద వదిలిపోయిన జామెట్రీ బాక్సులో దాన్ని వేయబోయి, ఆగి, మురుక్కాలువలో రాల్చి, చేయి లుంగీకి తుడుచుకుని బాక్సు చేతిలోకి తీసుకున్నాడు. "అక్కా, పోదాం పా," అన్నాడు. రెండోసారి కేక వచ్చినప్పుడు వాడు తల దించుకోలేదు. ఆ వీధిలో అంతకంటే మర్యాదైన రోగం ఆ పూటకు ఇంకొకటి లేదు.

డాక్టరు కడుపు నొక్కి, నాలుక చూసి, కళ్ళు చూసి, పొద్దున ఏం పడిందో అడిగినాడు. మారుతి చెప్పినాడు. మారుతి టేబుల్ మీద పెట్టిన జామెట్రీ బాక్సు మూత తెరిచి, తెల్ల ముక్కను వేలితో పక్కకు తీసినాడు. తర్వాత, "జ్వరం, నెత్తురు ఉన్నప్పుడు ఇది మింగబోయినావా? లోపల దొంగోడు పడినాడు, ఒళ్ళు వాణ్ణి బయటికి తరుముతాంది. నువ్వు తలుపేసి గడె పెడతానంటావు. ఇల్లు ఉంటాదా?" అన్నాడు. పరీక్ష మాట మారుతి ఎత్తనే లేదు. గౌరి ఎత్తింది. ఆయన తల అడ్డంగా ఊపినాడు.

మంచాలు నిండినందున సెలైన్ సీసా వరండాలోని కిటికీ ఊచకు కట్టి, మారుతిని బల్ల మీద పడుకోబెట్టినారు. కర్నూలు బస్సు హారన్ కొట్టుకుంటూ ఎదురుగానే పోయింది. వాడు అది మలుపు తిరిగేదాకా చూసినాడు. కంటి కొస తడిసింది. గౌరి దగ్గర తిట్లకు కొదవ లేదు గానీ, ఓదార్పు మాటలు ఎప్పుడూ తక్కువే. సీసాలోంచి బొట్టు బొట్టు దిగేది చూస్తూ తమ్ముడి పాదాలు ఒడిలోకి లాక్కుంది. పాదాలు చల్లబడి ఉన్నాయి. తోముతూ కూర్చుంది.

"పోయిందక్కా పేపరు," అన్నాడు వాడు.

"పోనీ. అది మళ్ళా వస్తాది. నువ్వే ఒక్కడివి ఉండేది."

అంతలో లోపలి గదిలో ఏదో పళ్ళెం కింద పడిన చప్పుడు. "అంత తొందర పడొద్దప్పా, కొంచేపు పట్టుకోవాల!" అని కాంపౌండరు అరుపు. "ఆగల్యా! ఆగల్యా!" అని ఇంకో అరుపు. కింది నుంచి ఎక్కించిన మందు, డాక్టరు చెప్పిన దానికంటే ముందే పని మొదలుపెట్టింది. తలుపు తెరుచుకుని వెంకటసాయి బయటికొచ్చి, వరండా చివరి మరుగుదొడ్డి తలుపు దబదబా బాదినాడు. లోపలినుంచి మోకాళ్ళ మల్లమ్మ నింపాదిగా జవాబిచ్చింది: "ఉండు నాయనా, నేను లేసేసరికి పొద్దు కుంకుతాది."

వాడు మెట్లు దూకినాడు. ఇందాక గుడ్లు మోసుకుపోయిన మనిషి రోడ్డు మీద గుర్రమై పోయినాడు. ఎల్లప్ప కొట్టు వెనక దొడ్డి వైపు, నీళ్ళ చెంబు ఎక్కడిదో లాక్కుని, జనం మధ్యలోంచి.

గౌరి లేచి నిలబడి, క్లాసులో ఎప్పుడూ అక్కర పడని గొంతును మొదటిసారి బజారు మీదికి వదిలింది.

"తప్పుకోండప్పా, తప్పుకోండి! కాలువకు గండి పడింది!"

జనం రెండు పాయలుగా చీలినారు. బెంచీ మీద మల్లికార్జునయ్య రణమండల కొండ వైపు చేయి అడ్డం పెట్టుకుని చూసి, "అమ్మయ్య, సూర్యుడు గూడా కదిలినాడు," అన్నాడు.

మారుతికి నవ్వు తన్నుకొచ్చింది. సెలైన్ గొట్టం ఊగింది, సీసా ఊచకు కొట్టుకుంది. కడుపు రెండు చేతులా పట్టుకుని, కండ్ల నీళ్ళతో అక్క కొంగు లాగినాడు.

"నన్ను నగించొద్దక్కా, నీ కాళ్ళు మొక్కుతా! నాది ఇంకా ఆగల్యా!"